ఒక్కసారే పెట్టాను

కళ్లలో చుక్కలు పడి పావుగంటయింది, ఇంకా మంటే. మూసుకోండి తాతగారూ, తెరవకండి, అని చెప్పి నర్సు పోయింది. మూసుకోక ఏం చేస్తాడు, తెరిస్తే మాత్రం చూడటానికి ఏముంది, ఎదురుగా గోడ, గోడ మీద బొమ్మలో పెద్ద కన్ను, ఆ కంటికి రెప్ప కూడా లేదు. చుక్కలు వేయకముందే అన్నీ చూసి పెట్టుకున్నాడు. ఇనుప కుర్చీలు, ఒకదానికొకటి బిగించినవి, ఒకడు లేస్తే వరుసంతా ఊగుతుంది. కౌంటరు, కౌంటరు వెనక అమ్మాయి, అమ్మాయి ముందు తెర, తెర పక్కన అరచేయంత నల్లటి అద్దం పలక. పలకకి తీగ, తీగ చివర ప్లాస్టిక్ కలం, మేకని గుంజకి కట్టినట్టు కట్టేశారు. పలక అదే, రెండేళ్ల కిందటిదే. మూల పగులుకి అప్పుడు అంటించిన తెల్ల పట్టీ ఇప్పుడు పసుప్పచ్చగా మారింది. మనిషి పోయింది గాని పలక పోలేదు. ఈ గుమ్మం మళ్లీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నవాడు తొక్కాడు, ఎందుకు, మొన్న పొయ్యి వెలిగించబోయి చొక్కా చేయి వెలిగించుకున్నాడు గనక, మరదలు వచ్చి కాలిన చేయి చూసి, బావా, ఇంకొక్క మాట మాట్లాడావంటే నిన్ను మూటగట్టి తీసుకెళ్తాను, అంది గనక. ఊళ్లో కళ్లాసుపత్రి ఇదొక్కటే గనక. శుక్లాలు ముదిరాయి, రెండు కళ్లూ, ముందు కుడిది తీస్తారట. తీస్తారు, తీయడం వాళ్లకి బాగా చేతనవును.

పక్క కుర్చీలో మరదలు కవరు సర్దుతోంది. ప్లాస్టిక్ కవరు, అందులో పాత కాగితాలన్నీ, ఇతనివీ అక్కవీ కలిపి. పాత కార్డు తెమ్మన్నారు, ఏది పాతదో ఏది కొత్తదో తేల్చలేక మొత్తం బీరువాలోంచి ఊడ్చుకొచ్చింది.

"బావా, పళ్లు కొరకడం ఆపు. వరుసంతా వింటోంది."

"విననీ."

"ఒక కన్ను బాగుచేయించుకోవడానికి వచ్చావు, యుద్ధానికి రాలేదు."

కళ్లు మూసుకుని వింటే అది మరదలి గొంతు కాదు. పోయిన పెళ్లాం గొంతే. అదే ముక్కుతో పలకడం, మాట చివర అదే చిన్న విసురు. అక్కాచెల్లెళ్లకి మొహాలు కలవలేదు, గొంతులు కలిశాయి. అందుకే రెండేళ్లుగా మరదలు వస్తే అతను దొడ్లోకి పోతాడు, పోయి లేని పని వెతుక్కుంటాడు, ఆమె ఏమో ఈ ముసలాడికి నేనంటే గిట్టదు అనుకుంటుంది. అనుకోనీ. ఇప్పుడు పోవడానికి దొడ్డి లేదు, తెరవడానికి కళ్లు లేవు. ఆ గొంతు చెవి పక్కనే కూర్చుంది. ఆ గొంతు చివరిసారి అతనితో చెప్పిన మాట ఏంటంటే, నేను ఒక్కసారే పెట్టానయ్యా.

ఒక్కసారే. అతనికా చెప్పేది సంతకాల సంగతి. ముప్పై నాలుగేళ్లు పోస్ట్‌మాన్, సైకిలు మీద ఖాకీ సంచీ, సంచీలో రిజిస్టరు ఉత్తరాలు, వాటికి పిన్ను గుచ్చిన రసీదు కాగితాలు. సంతకం లేనిదే ఉత్తరం చేయి దాటేది కాదు. ఎన్ని గుమ్మాలు, ఎన్ని చేతులు, పిండి అంటిన చేతులు, సబ్బు నురగ చేతులు, వణికే చేతులు. బడిపంతులు సంతకం ముగ్గులా మెలికలు తిరిగేది, దర్జీది సూదితో కుట్టినట్టుండేది, పాత సిపాయి ఒకడు అటెన్షన్లో నిలబడి పెట్టేవాడు. పేరు చూడనక్కర్లేదు, గీత చూస్తే ఎవరిదో చెప్పేవాడు. అదే మనిషి పొద్దున పెట్టిన సంతకం సాయంత్రం పెట్టడు, కడుపులో ఆకలుంటే ఒకలా, ఇంట్లో పోట్లాట అయితే ఒకలా. అన్న పేరున వచ్చిన ఉత్తరం ఒకడు తమ్ముడై ఉండి కాజేయబోయాడు, పాత సంతకం అడుగున పెట్టి దిద్దుకొచ్చాడు, ఇతను అక్కడే పట్టేశాడు. ఎలా పట్టావయ్యా అని పోస్ట్‌మాస్టరు అడిగితే, రెండూ అచ్చుగుద్దినట్టున్నాయి సార్, బతికున్న చేయి అలా పెట్టదు, అన్నాడు. ఆ మాట తర్వాత కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ చెప్పాడు. నోరు నొప్పెట్టేలా చెప్పాడు. పెద్ద తెలివైనవాణ్నని చెప్పాడు.

అలాంటివాడి పెళ్లాం వేలిముద్ర వేయడమేంటని, ఒకనాడు ఆమె పేరున పార్శిల్ వస్తే, తన ఇంటి గుమ్మంలో తనే నిలబడి, తన పెళ్లాం బొటనవేలికి తనే సిరా పూయాల్సి వచ్చినందుకు, సిగ్గుతో చచ్చి, ఆ రోజే మొదలెట్టాడు. అప్పటికామెకు నలభై దాటాయి. పాడైపోయిన ఫారాల వెనక వైపు రాయించాడు. నాలుగక్షరాల పేరు, చివర దీర్ఘం. నాకు ఉత్తరాలెవరు రాస్తారని ఈ సంత, అనేది ఆమె. నువ్వా? నువ్వు మోసేవాడివే గాని రాసేవాడివి కాదుగా. మూడక్షరాలు ఒద్దికగా వచ్చేవి, నాలుగోదాని దీర్ఘం దగ్గరే చేయి అదుపు తప్పేది, ఒకరోజు బెత్తెడు, ఒకరోజు బారెడు, ఒకసారి కాగితం దాటి బల్ల మీదికి పోయింది. ఇదేంటే, ఇది ఏ ఊరికి బయల్దేరింది, అంటే, నీ పేరు కాదుగా, నా పేరు, నా ఇష్టమొచ్చిన చోటికి పోతుంది, అంది. ఎన్నేళ్లు పెట్టినా ఏ రెండూ ఒకలా రాలేదు. సంతకం వచ్చింది గాని చదువు రాలేదు. పేరు తప్ప ఇంకొక ముక్క చదవలేదు. చదువు చెబుదువు గానీలే, అనేది. చెబుతాలే, అనేవాడు. చెప్పలేదు. రోజంతా ఊరి ఉత్తరాలు చదివిపెట్టి వచ్చినవాడికి ఇంట్లో చదివి వినిపించడానికి గొంతు మిగిలేది కాదు.

"ఇంకో చుక్క తాతగారూ, తల పైకెత్తండి." చల్లగా పడింది, తర్వాత మళ్లీ మంట. ఆమెకీ ఇలాగే వేశారు. ఆమె ఎడమ కన్ను. ఇదే వరుసలో కూర్చోబెట్టి చుక్కలు వేశారు, తోడొచ్చినవాళ్లు బయట ఉండండి, లోపల చోటు లేదు, అన్నారు. సరే అని బయటికి పోయాడు, రోడ్డు దాటి టీ కొట్టు ముందు నిలబడి టీ తాగాడు, టీ కొట్టువాడితో ఎండల గురించి మాట్లాడాడు, రెండో టీ కూడా తాగాడు. వచ్చేసరికి లోపలికి తీసుకెళ్లిపోయారు. పది నిమిషాల పని అన్నారు. వారానికి కన్ను ఎర్రబడింది, పది రోజులకి చీము పట్టింది, నెల తిరిగేసరికి ఆ వైపు చీకటి. ఇదేం ఘోరమని అరుచుకుంటూ వచ్చాడు. మేనేజరు అరవలేదు, కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు, అదీ అతనికి గుర్తే, చల్లటి నీళ్లు. తర్వాత తొమ్మిది కాగితాలు అచ్చు తీసి ముందు పెట్టాడు. చూడండి, ప్రతి పేజీలోనూ మీ ఆవిడ సంతకం. ఆరో పేజీ చూడండి, చూపు పూర్తిగా పోయే ప్రమాదం ఉందని వివరించారు, తెలిసే ఒప్పుకుంటున్నాను, అని ఉంది. మీ ఆవిడదేనా సంతకం? చూశాడు. ఆమెదే. నాలుగక్షరాలు, చివర దీర్ఘం. ఆమెది కాదంటే అబద్ధమవుతుంది, అబద్ధమాడటం చేతకాదు, ముప్పై నాలుగేళ్లలో ఒక్క దొంగ సంతకం పోనివ్వనివాడు. తల దించుకుని కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు.

ఇంటికొచ్చి ఆమె ముందు పరిచాడు. ఎవరివివి? నావే. తొమ్మిది చోట్ల పెట్టావు, చూపు పోతుందని ఉంటే పెట్టావు, నాతో ఒక్కమాట అన్నావా? నేను ఒక్కసారే పెట్టానయ్యా. మిగతా ఎనిమిదీ ఎవరు పెట్టారు, నేనా? తెలీదయ్యా, పలక మీద పెట్టమన్నారు, ఒక్కసారే పెట్టాను. ఎదురుగా సంతకాలు పెట్టుకుని అబద్ధమాడుతున్నావు. అప్పుడామె ఆ ఒక్క కన్నుతో చూసిన చూపు. అంతే, తర్వాత మాట్లాడలేదు అతను. నలభై ఒక్క రోజులు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, కంచం పెట్టి పిలవకుండా గిన్నె చప్పుడు చేసేది, చప్పుడు వినపడితే వచ్చి తినేవాడు. నలభై రెండో రోజు పొద్దున దొడ్డి మెట్టు దగ్గర ఎడమ వైపు అడుగేసి పడింది, మళ్లీ లేవలేదు. ఎడమ వైపు మెట్టు ఆమెకి కనపడదు. అంతకుముందు దిగేటప్పుడు ఒక చేయి ఇవ్వయ్యా అని పిలిచేది, ఆ నలభై ఒక్క రోజులూ పిలవలేదు. పిలిస్తే పోయేవాడా? పోయేవాడే. పోయేవాడే గాని ఆమెకేం తెలుసు పోతాడని.

రెండేళ్లూ కోపం చల్లారలేదు. ఈ ఆసుపత్రి మీద, ఆ మేనేజరు నీళ్ల గ్లాసు మీద, అన్నిటికన్నా ఎక్కువ ఆమె మీద. చచ్చిపోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు, ఎందుకు పెట్టుకోకూడదు, చచ్చిపోతే అబద్ధం నిజమైపోతుందా? ఏడ్చినవాళ్లంతా ఇంటికి పోయాక అతను ఒక్కడే కూర్చుని ఆమెతో పోట్లాడాడు. ఎందుకు పెట్టావే. ఒక్కమాట చెప్పి పెడితే నీ సొమ్మేం పోయింది.

"తాతగారూ, కౌంటరు దగ్గరికి రండి."

లేచాడు, వరుస ఊగింది. లోకమంతా తెల్లటి పొగ, దీపాలకి చుట్టూ ముళ్లు మొలిచాయి. మరదలు చేయి పట్టుకోబోతే విదిలించుకున్నాడు, మళ్లీ కుర్చీ తగిలి తనే పట్టుకున్నాడు. కౌంటరు అంచు చేతికి తగిలింది. అమ్మాయి మొహం తెల్లటి గుండ్రం, అందులో నవ్వొకటి ఉన్నట్టుంది.

"ఇక్కడ సంతకం పెట్టండి తాతగారూ. ఈ ప్యాడ్ మీద."

కలం చేతిలో పెట్టింది. అద్దం మీద రాస్తే నీళ్ల మీద రాసినట్టుంది, గీత ఎక్కడ పడుతోందో కనపడదు, కలం మధ్యలో జారింది. పెట్టాడు. రెండోది ఎక్కడ పెట్టాలోనని కలం ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"అయిపోయింది తాతగారూ, కలం ఇచ్చేయండి."

"తొమ్మిది ఉంటాయిగా?"

"ఉంటాయి. ఒకసారి పెడితే చాలు, అన్నిట్లోకీ అదే వెళ్లిపోతుంది. పెద్దవాళ్లకి తొమ్మిది సార్లు కష్టం కదా అని మేమే అలా పెట్టుకున్నాం. అదిగో చూడండి." ఎంతో మేలు చేసినట్టు తెరని ఇటు తిప్పింది. పొగలో తెల్లటి పేజీలు ఒకదాని వెనక ఒకటి జరిగాయి, ప్రతిదాని అడుగునా ఒక నల్లటి పురుగు. ఒకే పురుగు. మధ్యలో ఒకే చోట తెగిన పురుగు.

చేతిలో కలం ఉంది, తీగ లాగి పట్టి ఉంది, వెనక ఎవరో దగ్గారు. అచ్చుగుద్దినట్టున్నాయి సార్, బతికున్న చేయి అలా పెట్టదు. ఎవడన్నాడా మాట? ఏ వెధవన్నాడు? బెత్తెడు, బారెడు, బల్ల మీదికి పోయిన దీర్ఘం, నా పేరు నా ఇష్టమొచ్చిన చోటికి పోతుంది. మేనేజరు బల్ల మీద తొమ్మిది కాగితాలు పరిచినప్పుడు అతనేం చూశాడు? పేరు చూశాడు. పేరు చూడనక్కర్లేదు గీత చూస్తే చాలు అని ఊరంతా చాటుకున్నవాడు పెళ్లాం దగ్గరికొచ్చేసరికి పేరు చూశాడు.

"ఆ కవరు ఇటు తే," అన్నాడు వెనక్కి.

"దేనికి?"

"మీ అక్క కాగితాలు తియ్. ఆ తొమ్మిది. తీసి దీర్ఘాలు చూడు."

"ఇక్కడా? బావా, వెనక జనం..."

"జనాన్ని ఉండనీ. తియ్యి."

మరదలు వెతికింది. కాగితాలు గలగలమన్నాయి. ఆ చప్పుడు ఎంతసేపు. తర్వాత ఆగింది.

"అన్నీ ఒకలాగే ఉన్నాయి బావా. మధ్యలో తెగింది. అన్నిట్లోనూ అక్కడే తెగింది."

"కింద చిన్న అంకెలు ఏమైనా ఉన్నాయా?"

"తేదీ ఉంది. టైము ఉంది. పది నలభై రెండు."

"రెండోది."

"పది నలభై రెండు."

"మూడు."

"పది నలభై రెండే. బావా, అన్నీ అంతే. ఆరోది కూడా అంతే."

పది నలభై రెండు. ఒకే నిమిషంలో తొమ్మిది సంతకాలు, నాలుగక్షరాలు రాయడానికి నాలుక బయటపెట్టి నిమిషం తీసుకునే మనిషి. చుక్కలు వేశాక. చుక్కలు వేశాకే కదా పిలుస్తారు, ఇప్పుడిలా పిలిచినట్టే. చదువొచ్చిన నాకే తెర తెల్లగా ఉంది, చదువు రాని మనిషికి చుక్కలు వేసి, పలక ముందు పెట్టి, ఇక్కడ పెట్టమ్మా. పది నలభై రెండుకి తను రోడ్డవతల రెండో టీ తాగుతూ ఎండల గురించి మాట్లాడుతున్నాడు. ఇక్కడ పెట్టమ్మా, ముందు పెట్టు, తర్వాత చూసుకుందువు గాని. ఆ మాట కూడా తనదే. ఎన్నోసార్లు అన్నాడు. ఒక ముసలామె, పెంకుటింటి గుమ్మంలో, ఏం ఉత్తరం బాబూ అని అడిగితే ముందు సంతకం పెట్టమ్మా అన్నాడు, ఎండగా ఉంది, ఇంకా ఇరవై ఇళ్లున్నాయి. పెట్టింది. విప్పి చదివిపెడితే ఇల్లు ఖాళీ చేయమని నోటీసు. ఆమె గుమ్మంలోనే చతికిలబడింది. అతను సైకిలెక్కాడు.

"తీసెయ్," అన్నాడు అమ్మాయితో.

"ఏంటి తాతగారూ?"

"నా సంతకం. అన్నిట్లోంచీ తీసెయ్."

"ఒకసారి లోపలికెళ్లాక నా చేతిలో ఉండదండి. అది దాచేస్తుంది. కావాలంటే రద్దు చేసి మళ్లీ పెట్టించుకుంటాను."

"దాస్తుందా? చచ్చిపోయినవాళ్లవి కూడా దాస్తుందా?"

అమ్మాయి తెరని మళ్లీ తన వైపు తిప్పుకుంది.

"రద్దు చెయ్. ఒక్కో కాగితం చదువు. పైకి చదువు, నాకు కనపడదు, మీరే కనపడకుండా చేశారు. చదివినదానికే పెడతాను."

"తొమ్మిదీనా? తాతగారూ, వెనక ఇరవై మంది ఉన్నారు."

"వాళ్లూ వింటారు. వాళ్లవీ అవే కాగితాలేగా."

మరదలు మోచేయి పట్టుకుంది. విదిలించుకోలేదు ఈసారి. అమ్మాయి చదవడం మొదలెట్టింది, చిన్న గొంతుతో, గట్టిగా అన్నాడు, గట్టిగా చదివింది. మొదటిది ఊరూ పేరూ వయసూ, పెట్టాడు. రెండోది కాగితాలు దాచుకోవడానికి ఒప్పుకోలు, పెట్టాడు. ఏ సంతకం ఎక్కడ పడిందో తెలియదు, పడినచోట పడింది. మూడు, నాలుగు, అయిదు. హాల్లో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, ఎవరో పిల్లని ష్ అన్నారు. ఆరోదానికి వచ్చేసరికి అమ్మాయి గొంతు తగ్గింది. శస్త్రచికిత్స తర్వాత చీము పట్టడం, చూపు తగ్గడం, అరుదుగా చూపు పూర్తిగా పోవడం జరగవచ్చునని డాక్టరు నాకు అర్థమయ్యే భాషలో వివరించారు. నా సందేహాలన్నిటికీ సమాధానాలు ఇచ్చారు.

నా సందేహాలన్నిటికీ. ఆమె ఎలాంటి మనిషి, వంకాయలు కొనడానికి పది ప్రశ్నలడిగేది, బస్సెక్కే ముందు డ్రైవరునీ కండక్టరునీ ఇద్దర్నీ అడిగేది. ఎవరైనా వివరించి ఉంటే అడిగేది. నొప్పెడుతుందా అని అడిగేది, మా ఆయన బయటున్నాడు పిలుస్తారా అని అడిగేది. తప్పకుండా అడిగేది.

"పెట్టండి తాతగారూ."

"డాక్టరు ఏడీ?"

"లోపల ఆపరేషన్లో ఉన్నారండి."

"వివరించారు అని ఉంది. ఇంకా నాకెవరూ ఏమీ వివరించలేదు. ఆయన వచ్చి చెప్పాక పెడతాను."

"గంట పడుతుందండి. కూర్చోండి, పిలుస్తాం."

"కూర్చోను. కూర్చుంటే మీరు పిలవరు. గుమ్మాల ముందు నిలబడటం నాకలవాటే."

కలం కింద పెట్టాడు, రెండు చేతులూ కౌంటరు మీద ఆనించాడు. వెనక గొణుగుడు మొదలైంది, ఎవడో ముసలాడికి మతి పోయిందన్నాడు, ఇంకెవరో ఆడమనిషి, మాకూ చదవలేదమ్మా ఆ ఆరోది, మాకూ చదవండి, అంది. అతను తిరిగి చూడలేదు. మరదలు పక్కకొచ్చి నిలబడింది, కాగితాలు ఇంకా ఆమె చేతిలోనే ఉన్నాయి.

"నీకు చెప్పిందా?" అన్నాడు. "ఒక్కసారే పెట్టానని."

"చెప్పింది."

"నమ్మావా?"

"మా అక్క కదా బావా, నమ్మక ఏం చేస్తాను?"

"మరి నాతో ఎందుకనలేదు?"

"అందామనే వచ్చానొకసారి. అక్కే వద్దంది." మరదలి గొంతు, ఆమె గొంతు, పొగలో ఎవరిదో తెలియని గొంతు. "ఆయనకి నేను చెప్తే ఎక్కదే, ఊరందరి సంతకాలూ చూసినోడు, ఒకసారి సరిగ్గా చూస్తే ఆయనకే తెలుస్తుంది, చూడనీ, అంది."

"ఎప్పుడంది?"

మరదలు కాగితాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా అంచులు కలిపి సర్దింది. తొమ్మిది దీర్ఘాలూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా సరిపోయి ఉంటాయి.

"పడటానికి ముందు రోజు."

లోపలి తలుపు ఇంకా తెరుచుకోలేదు. అతను నిలబడే ఉన్నాడు.